డాక్టరుకు అసిస్టెంటు కావలెను

మా డాక్టరు మనిషి వీపు మీద స్టెతస్కోపు పెట్టి రెండేళ్లయింది. మా పేటలో ఇది అందరికీ తెలిసిన సంగతి. సాక్షులు అక్కర్లేదు, రుజువులు అక్కర్లేదు.

దీన్ని ఫిర్యాదుగా రాస్తున్నానని అనుకుంటున్నారా? తప్పు! డాక్టరు రోగిని ముట్టుకోకపోవడమే వైద్యంలో అసలైన అభివృద్ధి అని నిరూపించడానికి కూర్చున్నాను. చదివాక మీరే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మీ ఊళ్లో ఇంకా పాతకాలపు డాక్టరే ఉన్నాడన్నమాట. మీ మీద జాలిపడతాను.

ముందు నా సంగతి. కోలారు జిల్లాలో మా పల్లె కురుడుమలె బడిలో ఏడో తరగతి. ఆ తర్వాత కె.జి.ఎఫ్. బంగారు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లింగ్ పని. గని మూసేశారు, నన్ను పైకి పంపేశారు. నాతో పాటు పైకి వచ్చింది నా ఊపిరితిత్తుల్లోని దుమ్ము ఒక్కటే. నా భార్య పిల్లమ్మ పోయి పద్నాలుగు నెలలు. చివరి ఎనిమిది నెలలూ ఆమెకు ఒకటే కోరిక ఉండేది. డాక్టరు తన గుండె మీద ఒక్కసారి స్టెతస్కోపు పెట్టి వినాలని. ఆ కోరిక ఎంత వెనకబడిన కోరికో మీకు వివరిస్తాను.

డాక్టరు సెల్విన్ క్లినిక్కు మా వీధి చివరే. ముందు హాల్లో పొడుగాటి బెంచీ, వెనక ఒక గది. ఒకప్పుడు ఆ గదిలోకి వెళితే చొక్కా ఎత్తమనేవారు, నాలుక చాపమనేవారు, కనురెప్ప కిందికి లాగి చూసేవారు. చల్లటి స్టెతస్కోపు తగిలి ముసలివాళ్లు ఉలిక్కిపడేవారు. “బీడీ మానినావా లేదా?” అని గద్దించేవారు. ఎంత అనాగరికం! తలనెరిసిన మనిషిని పెళ్లాం ముందు చొక్కా ఎత్తమనడం ఏమిటి? మేం అదే వైద్యమనుకుని ఇన్నేళ్లు భరించాం.

బయట కాంపౌండరు ఏసురత్నం ఉండేవాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. సర్టిఫికెట్టు లేదు. వీధిలో దగ్గు వినబడితే తల ఎత్తకుండానే మనిషి ఎవరో చెప్పేవాడు. “గోవిందప్పా, నిన్నటికంటే ఈ పొద్దు తడి దగ్గుగా ఉండాది, ముందు నువ్వు లోపలికి పో” అనేవాడు. సర్టిఫికెట్టు లేని మనిషికి అంత తెలియడం ప్రమాదం కాదా? చూపు మందగించి అతనే మానుకున్నాడు. మా అదృష్టం!

అతని స్థానంలో ఫిజీషియన్ అసిస్టెంటు కావలెనని డాక్టరు గోడకు నోటీసు అంటించారు. ఫిజీషియన్ అసిస్టెంటు అంటే నాలుగేళ్లు కాలేజీలో చదివి, డాక్టరు పనిలో సగం చేయగలిగిన మనిషి. మిగతా సగం డాక్టరు చేస్తారని మీరనుకుంటారు. మేమూ అనుకున్నాం!

అలా వచ్చింది షెరిన్. మా కె.జి.ఎఫ్. పిల్లే. తాత గని మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, చేతిలో ట్యాబు. డాక్టరు గదికి కొత్తగా గాజు తలుపు పెట్టించారు. అవతలి మనిషి నీడ తప్ప ముఖం కనబడని గాజు. దాని ముందు షెరిన్‌కు టేబులు. షెరిన్ ట్యాబులో నొక్కినదల్లా లోపల డాక్టరు కంప్యూటర్లో కనబడుతుంది. డాక్టరు లోపల నొక్కిన మందు షెరిన్ పక్కనున్న ప్రింటరులోంచి కాగితమై వస్తుంది. రోగి చేయాల్సిందల్లా బెంచీ మీద కూర్చోవడమే. ఆ మాటకొస్తే కూర్చోకపోయినా నడుస్తుంది.

మా కురుడుమలె గుళ్లో ఒంటిరాతి వినాయకుడు రెండు నిలువుల ఎత్తు ఉండి కూడా గుడికి వచ్చిన ప్రతివాడికీ కనబడతాడు. పెద్దరికం నిలబెట్టుకోవడం ఆయనకు తెలియదు. మా డాక్టరుకు తెలుసు! ఆయన నీడ కదిలితే చాలు, బెంచీ మీద సగం మందికి జ్వరం దిగుతుంది. నీడ కూడా కదలని రోజు బయట ఆగి ఉన్న కారు చూసి ధైర్యం తెచ్చుకుంటాం.

ట్యాబు గొప్పతనం కూడా చెప్పాలి. అందులో అన్ని జబ్బులకూ, అన్ని దెబ్బలకూ లిస్టు ఉంది. లిస్టులో లేనిది లోకంలో లేదు. చిన్నవెంకటమ్మకు రెండు ఆవులున్నాయి. పాలు పిండుతుంటే ఒకటి మోకాలి మీద తన్నింది. కుంటుకుంటూ వచ్చింది.

“దెబ్బ ఎట్లా తగిలింది అవ్వా?” అంది షెరిన్.

“ఆవు తన్నిందమ్మా.”

“లిస్టులో ఆవు లేదవ్వా. పడిపోయింది ఉండాది, కొట్లాట ఉండాది, రోడ్ యాక్సిడెంట్ ఉండాది.”

“అయితే కొట్లాట వేసుకో. నేనూ దానికి రెండు ఇచ్చినాను.”

బెంచీ అంతా నవ్వింది. షెరిన్ నవ్వలేదు. కొట్లాట అంటే పోలీసు కేసవుతుందని రోడ్ యాక్సిడెంట్ అని నొక్కింది. ఆవుకు లైసెన్సు ఉందా అని అడగలేదు. అంతవరకు మేలే!

నొప్పికి నంబరు చెప్పాలట. ఒకటి నుంచి పది వరకు. ఓబలప్ప నడుం పట్టుకుని నిలబడి చాలాసేపు ఆలోచించాడు. “నిన్న ఏడు ఉండె తల్లీ. ఈ పొద్దు బస్సులో సీటు దొరకలేదు, తొమ్మిది వేసుకో. మందిస్తే ఇంగ ఆరుకు దిగుతాను” అన్నాడు. ఏసురత్నం కాలంలో అయితే ఓబలప్ప ముఖం చూసి కుర్చీ వేసేవారు. ముఖం చూసి కుర్చీ వేయడం సైన్సు కాదు. తొమ్మిది అన్నది సైన్సు. ఓబలప్ప నిలబడే మందు తీసుకున్నాడు.

ఇక్కడ మా గని వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. గని నడిచిన రోజుల్లో ప్రతి కార్మికుడికీ ఒక నంబరు. నాది 6283. గని ఆసుపత్రిలో ఇంటికంతా ఆ నంబరే. పెళ్లానికి జ్వరమొచ్చినా, బిడ్డకు గజ్జి లేచినా చీటీ మీద 6283. గని పోయింది, కూలీ పోయింది, సైరను పోయింది. నంబరు మిగిలింది. దాన్ని మేం వదల్లేదు. డాక్టరు సెల్విన్ దగ్గర కూడా ఇంటికి ఒకటే ఫైలు, మొగుడి నంబరు మీద. ఆయన కళ్లతో చూసిన రోజుల్లో దీనివల్ల ఇబ్బంది రాలేదు. మీసమున్న 6283 ఎవరో, చీర కట్టిన 6283 ఎవరో ఆయనకు తెలిసేది. ట్యాబుకు మీసాలతో పనిలేదు.

పిల్లమ్మకు ఆయాసం మొదలైంది. వీధి కొళాయి నుంచి బిందె తెస్తూ మూడుచోట్ల ఆగేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునికేది. క్లినిక్కుకు తీసుకెళ్లాను.

“నంబరు అంకుల్?”

“అరవై రెండు ఎనభై మూడు.”

“కంప్లైంట్ ఏమి?”

పిల్లమ్మ నోరు తెరిచింది.

“సుమ్మనుండు, నేను చెప్తాను” అన్నాను. “దగ్గు, ఆయాసం.”

షెరిన్ నొక్కింది. గాజు తలుపు వెనక 6283 ఫైలు తెరుచుకుంది. అందులో ఎక్స్‌రే ఉంది. ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము. ఇంకేం కావాలి? మా ఊళ్లో దగ్గుకు కారణం వెతికే అలవాటు ఎవరికీ లేదు. దుమ్ము అంటారు, అయిపోతుంది. ప్రింటరు గుర్రుమంది. పీల్చే మందు, దగ్గు సిరప్పు, పాత మాత్రలు కొనసాగించవలెను.

పాత మాత్రలు ఎవరివి? నావి!

“ఒక్కసారి డాక్టరు చూస్తే బాగుండు కదమ్మా” అంది పిల్లమ్మ.

“చూస్తా ఉండారు ఆంటీ. స్క్రీన్‌లో.”

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. డాక్టరు చూస్తూనే ఉన్నారు. నా ఊపిరితిత్తులను.

ఎనిమిది నెలలు ఇలా సాగింది. నెలకు రెండుసార్లు వెళ్లాం. ఒక్కసారి కూడా అరగంటకు మించి కూర్చోలేదు. ఏసురత్నం కాలంలో పూటంతా పట్టేది! ఎంత సమయం కలిసొచ్చిందో లెక్కేయండి. ఆ మిగిలిన సమయమంతా పిల్లమ్మ ఇంట్లో గోడకు ఆనుకుని ఊపిరి కోసం వెతుక్కుంటూ హాయిగా గడిపింది.

“నా గుండె మీద పెట్టి వినేకి ఆయనకేమంత కష్టం?” అనేది.

“నీ ఒక్కదాని కోసం తలుపు తీస్తారా?” అనేవాణ్ని. “నీకి ఊపిరి పీల్చే మందు ఇచ్చినారు. పీల్చు.”

పీల్చేది. నేను చెప్పిన మాట ఎప్పుడు వినలేదు గనక!

ఒక మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు కూలబడింది. గోవిందప్ప కొడుకు కారు తెచ్చాడు. కోలారులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఇంకా పాతకాలమే నడుస్తోంది. మీసం సరిగా రాని డాక్టరు ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, నంబరు అడక్కుండా, ట్యాబు లేకుండా, తిన్నగా పిల్లమ్మ గుండె మీద స్టెతస్కోపు పెట్టేశాడు. మర్యాద తెలియని మనిషి. పావు నిమిషం విన్నాడో లేదో ముఖం మారిపోయింది.

“గుండెలో వాల్వు పాడయింది. శానా రోజులది. ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండారు మీరు?” అన్నాడు.

పిల్లమ్మ నన్ను చూడలేదు. అతని చేతిలోని స్టెతస్కోపును చూసింది.

నేను మా క్లినిక్కు కాగితాలు అందించాను. అతను తిరగేశాడు. మళ్లీ మొదటినుంచి తిరగేశాడు.

“ఈమె గనిలో డ్రిల్లింగ్ చేసినారా?”

అప్పుడు చదివాను ఆ కాగితాలను. అంతకుముందు ఎప్పుడూ చదవలేదు. పాఠకులారా, నా భార్య ఎంత గొప్ప మనిషో నాకు ఆ రోజు తెలిసింది! ముప్పై ఒక్క ఏళ్లు భూమి కింద డ్రిల్లింగ్ చేసింది. రోజుకు కట్ట బీడీలు తాగి, యాభయ్యో ఏట మానేసింది. హెర్నియా ఆపరేషన్ చేయించుకుంది. ప్రోస్టేట్‌కు మాత్ర వేసుకుంటోంది! ఆడవాళ్లకు మగవాళ్లతో సమానత్వం కావాలని సభలు పెట్టేవాళ్లు ఒకసారి మా క్లినిక్కుకు రావాలి. వంటింట్లోంచి కాలు బయట పెట్టకుండానే పిల్లమ్మ దాన్ని సాధించింది.

నాలుగో రోజు పోయింది.

కర్మకాండలు ముగిశాక ఆ కాగితాలు పట్టుకుని క్లినిక్కుకు వెళ్లాను. టేబులు మీద విసిరాను. షెరిన్ ఒక్కొక్క కాగితం చదివింది.

“అంకుల్, ప్రతిసారీ నంబరు మీరే చెప్పినారు” అంది. “ఆంటీని అడిగితే జవాబు మీరే చెప్పినారు. నాకు యాడ తెలుస్తుంది?”

ఏడ్చింది. ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను.

అప్పుడు గాజు తలుపు తెరుచుకుంది. డాక్టరు సెల్విన్ బయటికి వచ్చారు! కాస్త లావయ్యారు. వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. అన్నాళ్లకు ఆయన చెయ్యి పడిన అదృష్టవంతుణ్ని నేను. అందుకే అంటున్నాను, రోగం ఉన్నవాళ్లు ఆశపడకూడదు, రోగి పోయినవాళ్లకు దక్కుతుంది.

“తప్పయిందప్పా” అన్నారు మెల్లగా. “నేను చూడాల్సింది. అయితే ఒక మాట. ఈ అమ్మాయిని ఎంపిక చేసింది నేను కాదు కదా. మీ బెంచీ కదా.”

తెలివైన మనిషి. డాక్టరు ఊరికే అయ్యారా?

మీకు ఇప్పుడు సందేహం వస్తుంది. బెంచీ ఎంపిక చేయడమేమిటని. అదీ చెబుతాను. ప్రజాస్వామ్యంలో వైద్యం ఎలా ఉండాలో మా పేటను చూసి దేశం నేర్చుకోవాలి.

నోటీసు అంటించిన పది రోజులకు ఇద్దరు పిల్లలు ఇంటర్వ్యూకు వచ్చారు. డాక్టరు బయటికి వచ్చి, “వీళ్లతో వేగాల్సింది మీరు. ఒక ఇంటివాళ్లను చూపించండి, ఇద్దరూ విడివిడిగా జబ్బు సంగతి కనుక్కుంటారు. ఎవరు మేలో మీరే చెప్పండి” అన్నారు.

గని వాళ్లకు కమిటీ అంటే ప్రాణం. గని మూసినాక మమ్మల్ని అభిప్రాయం అడిగిన మొదటి మనిషి ఆయనే. అందరూ సర్దుకుని కూర్చున్నారు. నన్ను అధ్యక్షుణ్ని చేశారు. పరీక్షకు మా ఇంటినే ఇచ్చాను. నేనూ, పక్కన పిల్లమ్మా.

మొదట షెరిన్. “నంబరు ఎంత అంకుల్?” అంది.

బెంచీ ఉప్పొంగిపోయింది. “మన పిల్లే అప్పా! చూడు, నంబరు అడిగింది!” అన్నాడు గోవిందప్ప. చిన్నవెంకటమ్మ కళ్లు తుడుచుకుంది. నేను నంబరు చెప్పాను, నా దగ్గు సంగతి చెప్పాను, పిల్లమ్మకు ఏమీ లేదని చెప్పాను. షెరిన్ శ్రద్ధగా రాసుకుంది. నేను చెప్పిందొక్కటీ వదల్లేదు.

తర్వాత రెండో పిల్ల. మునిలక్ష్మి. మాలూరు తాలూకా లక్కూరు నుంచి. వాళ్ల ఇంట్లో వ్యవసాయమట. చెప్పులకు ఎర్రమట్టి. నేను 6283 అన్నాను.

“అది నాకెందుకప్పా?” అంది. “అమ్మ పేరేమి?”

“ఆమెకు ఏమీ లేదు. నన్ను అడుగు.”

“మీరుండండప్పా. అమ్మను చెప్పనీండి.”

బెంచీ మీద గుసగుసలు లేచాయి. నలభై ఏళ్ల కాపురంలో నన్ను అలా ఆపినవాళ్లు లేరు. మునిలక్ష్మి నేల మీద కూర్చుంది. పిల్లమ్మ చీర అంచు కాస్త పైకి జరిపి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినాక కూడా గుంట అలాగే నిలిచిపోయింది.

“ఈ వాపు ఎన్నాళ్లాయెనమ్మా?”

“రెండు నెలలాయె తల్లీ” అంది పిల్లమ్మ. “కొళాయికాడికి పోయి వచ్చేలోపల...”

“ఉద్యోగానికి వచ్చినావా, మా ఇంటామె కాళ్లు పిసికేకి వచ్చినావా?” అన్నాను.

బెంచీ పగలబడి నవ్వింది. అధ్యక్షుడి మాట కదా! మునిలక్ష్మి లేచింది. నవ్వుతున్నవాళ్ల వైపు చూడలేదు, నా వైపే చూసింది. “సార్‌తో చెప్పి గుండె చూపించండప్పా. ఆలస్యం చేయొద్దండి” అంది.

నేను కాగితం మీద రాశాను. ప్రశ్నలు ఎక్కువ. మర్యాద తక్కువ. పల్లె పిల్ల. నేనూ పల్లెవాణ్నేనన్న సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

ఓటింగు పెట్టాం. షెరిన్‌కు అన్నప్పుడు బెంచీ మీద చేతులన్నీ లేచాయి. నాది అందరికంటే పైకి లేచింది. పద్ధతి ప్రకారం మునిలక్ష్మికి ఎవరని కూడా అడిగాను. ఎవరూ ఎత్తరని తెలిసే అడిగాను.

ఒక్క చెయ్యి లేచింది. పిల్లమ్మది.

పెళ్లయిన నాటి నుంచి నాకు ఎదురు ఆమె ఎత్తిన చెయ్యి అదొక్కటే. ఎక్కువ పైకి కూడా ఎత్తలేదు, భుజం దాకా. మణికట్టు పట్టుకుని కిందికి దించాను.

“ఇంటికి ఒకటే ఓటు” అన్నాను. “సుమ్మనుండు.”

దించేసింది. ఏకగ్రీవమని డాక్టరుకు చెప్పాను.

జరిగింది ఇదీ. ఒక్కసారి చెప్పాను. ఇక దీని గురించి నేను మాట్లాడను. పేటలో ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాను. మీరూ అడగొద్దు.